తోడి గాంధారం పలికే సింథసైజర్: హైడ్రాసింత్ సమీక్ష

ఏ కీబోర్డైనా కర్ణాటక సంగీతానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే తోడి గాంధారం ఒక్కటి వాయించి చూస్తే చాలు. కాగితం మీద అది సాధారణ గాంధారం. షడ్జాన్ని సి కీ మీద పెట్టుకుంటే ఈ-ఫ్లాట్ అవుతుంది. ఆ నల్ల కీని ఎంతసేపు నొక్కి పట్టుకున్నా తోడి రాదు. వైణికులు ఆ గాంధారాన్ని మామూలుగా శుద్ధ రిషభం మెట్టు మీద పలికిస్తారు. వేలు రిషభం మీద ఆనించి, తీగను పక్కకు లాగి మధ్యమం అంచు దాకా తీసుకెళ్లి, వదిలి, మళ్లీ లాగుతారు. ఆ ఊపంతా కలిసి మన చెవికి "గా" అని వినబడుతుంది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని పక్కన పెట్టినప్పుడు దాని మీద ఉన్న పెద్ద ఆక్షేపణ గమకం (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) పలకదనే.

ఆషున్ సౌండ్ మెషీన్స్ 2019లో తెచ్చిన హైడ్రాసింత్ కీబోర్డును ఈ కొలబద్దతోనే చూడాలి. 49 కీలు, 8 గొంతులు (ఒకేసారి పలకగల స్వరాలు), ఒక్కో గొంతుకు 3 ఆసిలేటర్లు (ధ్వనిని పుట్టించే భాగాలు), 5 ఎన్వలప్‌లు (శబ్దం కాలంతో పాటు పెరిగి తగ్గే తీరును నడిపేవి), 5 ఎల్ఎఫ్ఓలు (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే తరంగాలు), ఏ కదలికను ఎక్కడికైనా కలుపుకోవడానికి 32 గదుల మాడ్యులేషన్ మ్యాట్రిక్స్. అంకెలు బాగున్నాయి, కానీ మనకు ముఖ్యమైనవి రెండే. ఒకటి, ప్రతి కీకీ విడివిడిగా పనిచేసే ఆఫ్టర్‌టచ్. అంటే కీ కిందికి దిగాక ఇంకా ఒత్తితే ఆ ఒత్తిడిని ఏ కీకి ఆ కీ విడిగా కొలిచి పంపుతుంది. రెండోది, కీల పైన ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఉన్న రిబ్బన్, అంటే వేలు జార్చే పట్టీ. 1970ల చివర్లో యమహా సీఎస్-80 మీద ఈ రెండూ కలిసి ఉండేవి. ఆ తరవాత చాలా ఏళ్లు కొత్త కీబోర్డుల్లో ఇవి రెండూ ఒకేచోట అరుదుగా కనిపించాయి.

విడివిడి ఒత్తిడి ఎందుకంత ముఖ్యమో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. ఎడమ చేత్తో కింది షడ్జ పంచమాలు పట్టుకోండి, కుడిచేత్తో రిషభం నొక్కి ఒత్తండి. మామూలు ఆఫ్టర్‌టచ్ ఉన్న కీబోర్డులో ఒత్తిడి మొత్తానికీ ఒకటే లెక్క. కుడిచేతి ఒత్తిడికి కింది షడ్జం కూడా ఊగిపోతుంది. ఆధార షడ్జం ఊగిందంటే ఇంక పాట లేనట్టే. పిచ్ వీల్‌తోనూ (శ్రుతిని పైకీ కిందికీ లాగే చక్రం) ఇదే చిక్కు, అది అన్ని స్వరాలనూ కలిపి లాగేస్తుంది. హైడ్రాసింత్‌లో షడ్జ పంచమాలు కదలకుండా నిలబడతాయి, రిషభం ఒక్కటే పైకి లేస్తుంది. మన సంగీతం వాయించాలనుకునేవాళ్లు ఈ వాద్యం వైపు చూడడానికి ఈ ఒక్క లక్షణం చాలు.

ఇక అమరిక. ఇనిట్ ప్యాచ్‌తో, అంటే ఏ మార్పులూ లేని ఖాళీ శబ్దపు అమరికతో మొదలుపెట్టండి. మ్యాట్రిక్స్‌లో మొదటి మూడు గదులూ తీసుకుని, మూలంగా పాలీ ఆఫ్టర్‌టచ్‌ను (ఇందాక చెప్పిన విడివిడి ఒత్తిడిని), గమ్యంగా మూడు ఆసిలేటర్ల పిచ్‌లను ఒక్కొక్కటిగా పెట్టండి. మూడింటికీ ఒకే విలువ ఇవ్వాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఒత్తినప్పుడు ఆసిలేటర్లు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి స్వరం చీలుతుంది. ఆ విలువ ఎంతో అంకెల్లో వెతక్కండి. తంబురా పెట్టుకుని, సి-షార్ప్ కీ పూర్తిగా ఒత్తినప్పుడు స్వరం సరిగ్గా శుద్ధ మధ్యమం, అంటే ఎఫ్, తాకేదాకా పెంచుకుంటూ పోండి. అది నాలుగు అర్ధస్వరాల (పక్కపక్క కీల మధ్య దూరం ఒక అర్ధస్వరం) ప్రయాణం. చాలామంది ఇక్కడ పన్నెండు అర్ధస్వరాలు పెట్టేసుకుని, గమకం చేతికి చిక్కడం లేదంటారు. మిడిలో (వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే సంకేత భాష) ఆఫ్టర్‌టచ్‌కు ఉన్నవి 128 మెట్లే. నాలుగు అర్ధస్వరాల మీద పరిస్తే ఒక్కో మెట్టు సుమారు 3 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు), చెవికి అందదు. స్థాయి మొత్తం, అంటే పన్నెండు అర్ధస్వరాల మీద పరిస్తే ఒక్కో మెట్టు 9 సెంట్లు దాటుతుంది. మిడిలో రికార్డు చేసి తిరిగి వింటే నెమ్మదైన జారులో ఆ మెట్లు వినబడతాయి. పైగా వేలి ఒత్తిడిలో వచ్చే చిన్న తేడా కూడా అపస్వరమైపోతుంది.

ఈ అమరికలో ఒక సూత్రం ఉంది. దాన్ని పట్టుకున్నవాళ్లకే ఈ వాద్యం లొంగుతుంది. పాశ్చాత్య వైబ్రాటోలో (స్వరాన్ని వణికించడంలో) స్వరం మధ్యలో ఉంటుంది, ఊపు దానికి అటూ ఇటూ పోతుంది. వీణ తీగను ఎటు లాగినా బిగువు పెరుగుతుంది, కాబట్టి శ్రుతి పైకే పోతుంది. మెట్టే దానికి నేల, అంతకన్నా కిందికి దిగదు. అందుకని ఇక్కడ కీ అంటే స్వరం అనుకోకూడదు, మెట్టు అనుకోవాలి. ఏ కీ నొక్కాలో సరళిస్వరాల పుస్తకం చెప్పదు, వైణికుడి ఎడమ చెయ్యి చెబుతుంది. తోడి గాంధారానికి రిషభం కీ. శంకరాభరణ మధ్యమం ఊపాలంటే గాంధారం కీ. కీబోర్డు నేర్చుకున్నవాళ్లకు ఇది మొదట్లో తలకిందులుగా అనిపిస్తుంది. పదిహేను రోజులు పట్టుగా చేస్తే వేళ్లే దారి చూసుకుంటాయి.

హైడ్రాసింత్‌లో మాడ్యులేషన్ వీల్ తిప్పితే వచ్చే వైబ్రాటో సరిగ్గా ఆ పాశ్చాత్యపు ఊపే. సెకనుకు ఐదారుసార్లు, స్వరానికి రెండు వైపులా. సినిమా వయొలిన్ల గుంపుకు అది బాగుంటుంది. కంపితానికి (మన స్వరం ఊగే గమకానికి) మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

వేలితోనే ఊపడం అన్నిటికన్నా మేలు. కానీ దురితకాలంలో, పొడుగు కంపితాల్లో వేలు అలిసిపోతుంది. అప్పుడు ఎల్ఎఫ్ఓ సాయం తీసుకోవచ్చు, ఒక మెలిక తెలిసి ఉండాలి అంతే. ఎల్ఎఫ్ఓ సైన్ తరంగం రెండు వైపులా ఊగుతుంది, మనకు కావలసింది పైకి మాత్రమే. అందుకని ఒత్తిడి చేత రెండు పనులు ఒకేసారి చేయించాలి. ఒత్తిడి పూర్తయ్యేసరికి స్వరం మధ్యబిందువు రెండు అర్ధస్వరాలు పైకి లేవాలి. అదే ఒత్తిడితో ఎల్ఎఫ్ఓ ఊపు సున్నా నుంచి అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలకు పెరగాలి. మధ్యబిందువు రెండు మీద ఉండి రెండు కిందికి దిగితే సున్నా, అదే మెట్టు. రెండు పైకి పోతే నాలుగు, అదే మధ్యమం. నేల నేలలాగే ఉంటుంది. ఎల్ఎఫ్ఓ స్థాయిని దాని పేజీలో సున్నా చేసి, పాలీ ఆఫ్టర్‌టచ్‌తో ఆ స్థాయిని పెంచేలా మ్యాట్రిక్స్‌లో కలిపితే ఇది కుదురుతుంది. ట్రిగ్గర్‌ను (ఊపు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే అమరిక) గొంతుకు ఒకటి చొప్పున ఉండేలా పెట్టండి. లేకపోతే కొత్త స్వరం ఊపు మధ్యలో ఎక్కడో మొదలవుతుంది.

వేగాన్ని తాళానికి కట్టాలంటే ఎల్ఎఫ్ఓను టెంపోకు సింక్ చేసి, నిమిషానికి 60 దెబ్బలు, పదహారో వంతు స్వరం అని పెట్టండి. సెకనుకు నాలుగు ఊపులు వస్తాయి. చతురశ్ర నడకలో మాత్రకు ఒకటి. ఒకటి రెండు ఆవర్తాలకు బాగుంటుంది, ఆ తరవాత యంత్రం బయటపడుతుంది. ఎందుకంటే మంచి వైణికుడి కంపితంలో ఏ రెండు ఊపులూ ఒకే ఎత్తుకు పోవు. ఒకటి మధ్యమాన్ని తాకుతుంది, తరవాతిది దానికి కొంచెం కిందే ఆగుతుంది. అందుకే ఎల్ఎఫ్ఓ వాడినా ఒత్తిడి మీద వేలు కదులుతూనే ఉండాలి.

ఇప్పుడు ఆఫ్టర్‌టచ్ లోపాలు. మొదటిది, కీ అడుగుకు చేరాకే ఒత్తిడి లెక్కలోకి వస్తుంది. అక్కడ వేలికి అందే దూరం చాలా తక్కువ. ఒత్తడం మొదలుపెట్టగానే కొంతసేపు ఏమీ జరగదు, ఆ తరవాత స్వరం ఒక్కసారి ఎగిరినట్టు లేస్తుంది. సిస్టమ్ అమరికల్లో ఆఫ్టర్‌టచ్ కర్వ్ మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. మొదటి సగంలో నెమ్మదిగా, చివర్లో వేగంగా పెరిగే కర్వ్ ఎంచుకోండి. రిషభం దగ్గర నిలకడ దొరుకుతుంది. వేలి కొనతో గుచ్చినట్టు కాకుండా వేలి మెత్త మీద బరువు వేస్తే ఇంకా బాగా లొంగుతుంది. బలం మణికట్టు నుంచి రావాలి. వేలి కణుపు నుంచి వస్తే అరగంటకే నొప్పి మొదలవుతుంది.

రెండో లోపానికి కర్వ్‌తో మందు లేదు. వీణలో తీగను ముందే లాగి పట్టుకుని, అప్పుడు మీటి, కిందికి దించే ప్రయోగాలు చాలా ఉన్నాయి. స్వరం పై నుంచి మొదలై మెట్టుకు దిగాలి. ఆఫ్టర్‌టచ్‌తో అది అసాధ్యం. కీ మోగిన క్షణంలో ఒత్తిడి సున్నా, కాబట్టి స్వరం ఎప్పుడూ కింది నుంచే పుడుతుంది. దీనికి రెండు దారులున్నాయి. పిచ్ వీల్‌ను ముందే పైకి తోసి పట్టుకుని, కీ నొక్కి, వీల్‌ను మెల్లగా వదలడం ఒకటి. బెండ్ రేంజ్ (వీల్ లాగే దూరం) కూడా నాలుగు అర్ధస్వరాలకే పెట్టుకుంటే రెండు చేతులకూ ఒకే కొలత ఉంటుంది. కానీ ఆ క్షణంలో ఎడమ చేతి కింద షడ్జ పంచమాలు ఉంటే అవీ లేస్తాయి. రెండో దారి రిబ్బన్.

రిబ్బన్‌ను మూడు రకాలుగా వాడుకోవచ్చు. పిచ్ బెండ్‌కు, మాడ్యులేషన్‌కు, థెరమిన్ (మెట్లు లేకుండా చేతి కదలికతో స్వరం పలికే వాద్యం) పద్ధతికి. మనకు పనికొచ్చేది చివరిది. నాలుగు స్థాయిల పొడవున వేలు ఎక్కడ పెడితే ఆ స్వరం పలుకుతుంది, జారిస్తే జారుతుంది. ఎక్కుడు జారుకు, దిగుడు జారుకు ఇంతకన్నా సూటిదారి లేదు. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికి ఒక్క వేలితో, ఊపిరి తెగకుండా వెళ్లొచ్చు. ఇందులో క్వాంటైజ్ అని ఒక అమరిక ఉంది. అది ఆపితే జారు గీత గీసినట్టు నున్నగా సాగుతుంది, వయొలిన్ మీద ఒకే వేలు జారినట్టు. వేస్తే స్వరం అర్ధస్వరాల మెట్లెక్కుతూ పోతుంది. చాలామంది దీన్ని తప్పు శబ్దం అనుకుని వెంటనే ఆపేస్తారు. ఒకసారి వేగంగా జార్చి వినండి. మైనంలో కూర్చిన ఇత్తడి మెట్ల మీద వేలు గరగరా రాసుకుపోయినట్టు ఉంటుంది. వీణ జారు నిజంగా అలాంటిదే, మెట్టు మెట్టునా చిన్న తాకిడి ఉంటుంది. కాబట్టి వీణకు క్వాంటైజ్ వేసి, గ్లైడ్‌ను (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే సమయం) కొద్దిగా పెంచండి. వయొలిన్‌కు, గాత్రపు పోకడకు ఆపండి.

రిబ్బన్‌తో కష్టం వేలికి గుర్తు దొరకకపోవడం. కీల్లాగా పైకి లేచిన అంచు ఏదీ ఉండదు, చూపు, చెవే ఆధారం. పంచమం దగ్గర చిన్న గుడ్డ అతుకు అంటించుకోవచ్చు, కానీ రిబ్బన్ పైన కాదు, దాని అంచున ఉన్న పలక మీద. పైన అంటిస్తే వేలు అక్కడ తట్టుకుని ప్రతి జారులోనూ ఒక గతుకు వస్తుంది. చెమట పట్టిన వేలు రిబ్బన్ మీద పట్టుకుని లాగుతుంది, మన ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు. పక్కన పొడిగుడ్డ ఉంచుకోండి.

ఇంక శబ్దం సంగతి. గమకం ఎంత బాగా వచ్చినా గొంతు ఆర్గన్‌లా ఉంటే వీణ అనిపించదు. వీణకు పొడుగాటి డికే (మీటిన శబ్దం మెల్లగా తగ్గడం) ప్రాణం. శబ్దపు స్థాయిని నడిపే ఆంప్ ఎన్వలప్‌లో అటాక్ (శబ్దం లేచే సమయం) సున్నా, సస్టెయిన్ (కీ పట్టుకున్నంతసేపూ నిలిచే స్థాయి) సున్నా, డికే నాలుగైదు సెకన్లు, రిలీజ్ (కీ వదిలాక ఆగే సమయం) సుమారు 400 మిల్లీసెకన్లు పెట్టండి. డికే కర్వ్‌ను మొదట వేగంగా, తరవాత నెమ్మదిగా తగ్గేలా వంచండి. మీటిన చప్పుడు కోసం నాయిజ్‌ను 15 మిల్లీసెకన్ల చిన్న ఎన్వలప్‌తో మొదట్లో మాత్రమే వినబడనివ్వండి. దాన్ని మరీ పెంచితే గోటి మీటు పోయి పుల్లతో కొట్టినట్టు ఉంటుంది.

జీవాళి తేవడమే కష్టం. వీణ గుర్రం మీద ఇత్తడి రేకుకు కొంచెం వంపు ఉంటుంది. తీగ ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉండడం వల్ల మీటిన తరవాత పై అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) ఒకదాని తరవాత ఒకటి మెరుస్తాయి. మామూలుగా సింథసైజర్లలో ఫిల్టర్ ఎన్వలప్ మూసుకుంటూ పోతుంది, శబ్దం అంతకంతకు మందమవుతుంది. జీవాళి అలా ఉండదు. మందమవుతూనే లోపల ఒక వెలుగు కిందికి దిగుతూ వస్తుంది. దానికి హైడ్రాసింత్‌లో మంచి పనిముట్టు ఉంది. మొదటి ఆసిలేటర్‌కు సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగం ఇచ్చి, దాని మ్యూటెంట్‌ను (తరంగం ఆకారాన్ని మార్చే భాగం) ఆసిలేటర్ సింక్ అనే రకానికి మార్చండి. డ్రై-వెట్‌ను (అసలు శబ్దంలో మార్చిన శబ్దం పాలు) మూడోవంతుకు మించనివ్వద్దు. ఆ మ్యూటెంట్ నిష్పత్తిని రెండు మూడు సెకన్లలో నెమ్మదిగా దిగే ఎన్వలప్‌తో కదపండి. అనుస్వరాలు పై నుంచి కిందికి వరసగా తళుక్కుమంటాయి. డ్రై-వెట్ సగం దాటితే వీణ పోయి, సింథసైజర్ మార్కు సింక్ అరుపు బయటికొస్తుంది. అందరూ చేసే తప్పు ఇదే. వినడానికి బాగుంది కదా అని ఇంకాస్త, ఇంకాస్త అని పెంచుకుంటూ పోతారు.

ఒక మీటుకు ఎన్ని స్వరాలు పలకాలన్నది ఆ తరవాతి ప్రశ్న. వైణికులు ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు రికార్డింగులు వినేటప్పుడు కుడిచేతి మీటుల్ని మాత్రమే లెక్కపెట్టి చూడండి. పలికిన స్వరాలకన్నా మీటులు ఎంత తక్కువో తెలుస్తుంది. వీణలో గాత్రధర్మం, అంటే గొంతుతో పాడినట్టుండడం, అక్కడే తెలుస్తుంది. కీబోర్డులో ప్రతి కీ ఒక కొత్త మీటు అయిపోతుంది. దీన్ని తప్పించడానికి వాయిస్‌ను మోనోకు (ఒకసారికి ఒకే స్వరం) మార్చి, ఎన్వలప్‌ల లెగాటోను (స్వరాలను కలిపి వాయించే పద్ధతి) వేయండి. గ్లైడ్‌ను కూడా లెగాటోకు పెట్టి, 40 నుంచి 60 మిల్లీసెకన్ల మధ్య ఉంచండి. ఇప్పుడు మొదటి కీ వదలకుండా రెండోది నొక్కితే కొత్త మీటు లేకుండా స్వరం మారుతుంది, డికే ఎక్కడున్నదక్కడి నుంచి సాగుతుంది. కీ పూర్తిగా వదిలి నొక్కితే కొత్త మీటు. వదలడం, వదలకపోవడమే మీ కుడిచెయ్యి అయిపోతుంది.

స్ఫురితాన్ని ఈ మోనో పద్ధతిలోనే వేళ్లతో చేయాలి. జంట స్వరాల్లో రెండో స్వరానికి ముందు కింది స్వరాన్ని క్షణం తాకి పైకి రావాలి. దీన్ని పిచ్ ఎన్వలప్‌తో చేయించాలని చూసేవాళ్లు ఒక గోతిలో పడతారు. మాయామాళవగౌళ జంటవరసలే తీసుకోండి. షడ్జానికి కింద కాకలి నిషాదం, ఒక అర్ధస్వరం దూరం. రిషభానికి కింద షడ్జం, అదీ ఒకటే. అంతర గాంధారానికి కింద శుద్ధ రిషభం, అది మూడు అర్ధస్వరాల దూరం. ఎన్వలప్‌కు రాగం తెలియదు, అన్ని స్వరాలనూ ఒకే దూరం నుంచి ఎక్కిస్తుంది. గాంధారం దగ్గర రాగంలో లేని స్వరం తగులుతుంది. నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్న పిల్ల కూడా పట్టేస్తుంది. కాబట్టి కింది కీని వేలితోనే తాకండి, గ్లైడ్ మిగతా పని చూసుకుంటుంది.

మోనోకు మారగానే ఒకటి పోగొట్టుకుంటాం. తాళం తీగలు. వీణకు పక్కన ఉండే మూడు తీగలను చిటికెన వేలితో మీటుతూ షడ్జ పంచమాలను నిలబెడతారు. హైడ్రాసింత్ కీబోర్డులో ఒకసారికి ఒక్క ప్యాచే నడుస్తుంది. మోనో గమకం, పక్కన షడ్జ పంచమాలు రెండూ ఒకేసారి కుదరవు. పాలీలో (ఒకేసారి పలు స్వరాలు పలికే పద్ధతిలో) ఉంటే షడ్జ పంచమాలు ఉంటాయి కానీ మీటు తప్పదు, మోనోలో మీటు తప్పించొచ్చు కానీ ఎనిమిది గొంతుల్లో ఏడు ఊరికే పడుంటాయి. ఈ వాద్యంలో ఇదే పెద్ద లోటు. 2021లో వచ్చిన హైడ్రాసింత్ డీలక్స్‌లో 73 కీలు, 16 గొంతులతో రెండు ప్యాచ్‌లను పక్కపక్కన పెట్టుకోవచ్చు కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు. మామూలు కీబోర్డు ఉన్నవాళ్లు తాళం తీగలను వేరే వాద్యం మీదకో ఫోన్‌లో తంబురా మీదకో మార్చుకోవాలి.

సన్నాయికి లెక్క వేరు. అక్కడ శబ్దం తగ్గిపోదు, ఊపిరి ఉన్నంతసేపూ నిలుస్తుంది, స్వరాన్ని పీక (నోట పెట్టుకుని ఊదే భాగం) మీద పెదవి, సగం మూసిన రంధ్రం కలిసి వంచుతాయి. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన షేక్ చినమౌలానా వాదన వింటే ఎంత మెత్తగా వంగగలదో తెలుస్తుంది. ప్యాచ్ కోసం సన్నని పల్స్ తరంగం, మోనో, లెగాటో, గ్లైడ్ 70 మిల్లీసెకన్లు. అటాక్ 30 నుంచి 50 మిల్లీసెకన్లు, అదే సమయంలో స్వరం అర్ధస్వరం కింది నుంచి లేచేలా చిన్న పిచ్ ఎన్వలప్. రెండో ఫిల్టర్‌ను బ్యాండ్‌పాస్ (మధ్య భాగాన్ని మాత్రమే దాటనిచ్చే పద్ధతి) వైపు తిప్పి మొదటిదానికి సమాంతరంగా కలిపితే ముక్కుతో పలికినట్టుండే ఆ గొంతు దొరుకుతుంది. తుత్తుకారం (నాలుకతో స్వరాలను విడగొట్టడం) కావాలంటే కీ వదిలి నొక్కండి, వద్దంటే కలిపి వాయించండి.

ఊపిరికి ఎక్స్‌ప్రెషన్ పెడల్, అంటే కాలితో తొక్కే మీట. ఇది అదనపు హంగు కాదు, సన్నాయికీ వేణువుకూ తప్పనిసరి. పెడల్‌ను శబ్దపు స్థాయికి మాత్రమే కాకుండా ఫిల్టర్‌కు కూడా కొంచెం కలపండి. గట్టిగా ఊదితే పెద్దగా మోగడమే కాదు, గొంతు కూడా తెరుచుకుంటుంది. ఇక్కడ ఒత్తిడితో ఇంకో చిక్కు ఉంది. గమకం చివర్లో వేలు ఎత్తుతుంటే కీ పైకి రాకముందే ఒత్తిడి సున్నాకు పడిపోతుంది, స్వరం కిందికి జారి అప్పుడు ఆగుతుంది. వీణకు ఇది అందమే, వదిలిన తీగ మెట్టు శ్రుతికి పడడం సహజం. సన్నాయికి మాత్రం ప్రతి స్వరం చివరా మూలిగినట్టు వినబడుతుంది. రిలీజ్ ఎంత తగ్గించినా పోదు, ఎందుకంటే జారు కీ వదలకముందే జరిగిపోతుంది. మందు పెడల్‌లో ఉంది. ముందు పెడల్ మూసి, తరవాత వేలు ఎత్తాలి. ఊపిరి ఆగాక వేళ్లు లేవడం ఊదే వాద్యాల్లో ఎలాగూ ఉన్న క్రమమే.

వేణువు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సైన్‌కు దగ్గరగా ఉండే తరంగం, స్వరం కన్నా 20 మిల్లీసెకన్లు ముందు వచ్చే ఊపిరి చప్పుడు, అదే పెడల్. నాయిజ్‌ను పెడల్‌కు కలిపేటప్పుడు ఫిల్టర్ దాటనివ్వండి, లేకపోతే ఊపిరి పక్కగదిలో ఫ్యాన్‌లా ఉంటుంది.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేసిన మార్పు ఈ వాద్యం కొనేవాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది. జంట తీగలతో ఎనిమిది ఉండే మాండలిన్‌ను ఆయన ఒంటి తీగలతో ఐదుకు మార్చి, విద్యుత్ సాయం తీసుకున్నారు. జంట తీగల్ని కలిపి లాగితే రెండూ ఒకే శ్రుతికి రావు. ఒంటి తీగను ఎంతైనా లాగొచ్చు. హైడ్రాసింత్ మీద కూడా అంతే. డీట్యూన్ చేసిన (ఒకదానికొకటి కొద్దిగా శ్రుతి తప్పించిన) రెండు ఆసిలేటర్లు, యూనిసన్, కోరస్ లాంటివి కడుపు నిండిన శబ్దం ఇస్తాయి, కానీ వాటి మీద గమకం మసకబారుతుంది. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు ఎక్కువగా అలాంటి నిండు శబ్దాలే. వాటి మీద తోడి ప్రయత్నించి వాద్యం పనికిరాదని తేల్చేయకండి. ఎనలాగ్ ఫీల్‌ను కూడా సున్నా చేయండి. అది ప్రతి స్వరాన్నీ కొద్దిగా అటూ ఇటూ కదిలిస్తుంది, తంబురా పక్కన ఆ కదలిక అపశ్రుతిగానే వినబడుతుంది.

కంప్యూటర్‌లో రికార్డు చేసేవాళ్లకు ఒక మాట. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో ఆఫ్టర్‌టచ్‌ను వడగట్టే మిడి ఫిల్టర్ ఉంటుంది. వాయిస్తున్నప్పుడు గమకం వినబడి, తిరిగి వింటే చదునుగా ఉంటే ముందు అక్కడ చూడండి. మంచి టేక్‌ను మిడితో పాటు ఆడియోగా కూడా దాచుకోండి.

ఎవరు ఏది కొనాలి? గమకం మాత్రమే కావాలి, రిబ్బన్ లేకపోయినా పర్వాలేదంటే 37 చిన్న కీల హైడ్రాసింత్ ఎక్స్‌ప్లోరర్ చాలు. ప్రతి కీకీ విడి ఒత్తిడి అందులోనూ ఉంది, 8 ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. జారుల మీద ప్రేమ ఉన్నవాళ్లు 49 కీల కీబోర్డుకే వెళ్లాలి. కచేరీలో ఒక్కరే కూర్చుని తాళం తీగలతో సహా వాయించేవాళ్లకు డీలక్స్. కీని పక్కకు కదిపితే స్వరం వంగే ఎక్స్‌ప్రెసివ్ ఈ వారి ఆస్మోస్ లాంటివి తీగ లాగుడుకు ఇంకా దగ్గర. అయితే దాని లోపలి ధ్వనియంత్రంలో సొంత ప్యాచ్ కట్టుకోవడం చాలా కష్టం. హైడ్రాసింత్‌లో ఏ మీట ఏం చేస్తుందో పలక మీదే కనిపిస్తుంది, ఒక సాయంత్రంలో వీణ ప్యాచ్ నిలబెట్టుకోవచ్చు. నా ఓటు దీనికే.

వాడినది కొనేటప్పుడు తెరలు, గుండీలు చూసి ఊరుకోవద్దు. పైన చెప్పిన నాలుగు అర్ధస్వరాల అమరిక పెట్టి, ఫోన్‌లో ట్యూనర్ తెరిచి, 49 కీలనూ ఒక్కొక్కటే పూర్తిగా ఒత్తి చూడండి. అన్నీ ఒకే దూరం లేవాలి. ఒకటి మూడు దగ్గరే ఆగిపోతే, లేదా తాకగానే నాలుగుకు ఎగిరితే ఆ కీ కింద సెన్సార్ తేడాగా ఉందని అర్థం. మధ్య స్థాయి రిషభం, గాంధారం, ధైవతం, నిషాదం కీలను రెండుసార్లు చూడండి, గమకం ఎక్కువగా పడేది వాటి మీదే.